ఏడో తరగతి తెలుగు: హోంవర్క్ నుంచి సంకలనం దాకా, పది వారాల డైరీ

మొదలుపెట్టే ముందు

పోయిన ఏడాది చివర్లో పిల్లలకు ఒక ప్రాజెక్టు పని ఇచ్చాను. "మీకు నచ్చిన అంశం మీద పది పుటలు రాసి తీసుకురండి" అన్నాను. 38 ఫైళ్లు వచ్చాయి. రంగు కాగితాలు, మెరుపు అట్టలు, ప్లాస్టిక్ కవర్లు, చూడ్డానికి పండగలా ఉంది. చదవడం మొదలుపెడితే ఆరు ఫైళ్లలో ఒకే పేరా కనిపించింది. ఆరింటిలోనూ ఒకే అచ్చుతప్పు, అదే చోట! ఇంకో రెండు ఫైళ్లలో రాత చక్కగా, గుండ్రంగా ఉంది, కాకపోతే అది పెద్దవాళ్ల చేతిరాత. మార్కులు వేశాను. ఎవరికి వేశానో మాత్రం నాకే తెలియదు.

ఈసారి చివరి ప్రాజెక్టును హోంవర్క్ నుంచి విడదీయకూడదని అనుకున్నాను. పది వారాల పాటు వాళ్లు రాసుకున్న చిన్న చిన్న ముక్కల్లోంచే చివరి సంకలనం రావాలి. కొత్తగా రాయించేది ఏమీ ఉండదు, ఉన్నదాన్ని తిరగరాయిస్తాను. ఇది కుదురుతుందో లేదో చూద్దామనే ఈ డైరీ.

1వ వారం

ముందు లెక్క తేల్చుకోవాల్సి వచ్చింది. హోంవర్క్ మీద చాలా ఏళ్లు పరిశోధన చేసిన అమెరికన్ ఆచార్యుడు హారిస్ కూపర్ పేరు మీద ఒక సూత్రం చెబుతుంటారు. తరగతి సంఖ్యను పదితో గుణిస్తే ఆ తరగతి పిల్లలకు రోజుకు ఎన్ని నిమిషాల హోంవర్క్ తగునో తెలుస్తుందట. ఏడో తరగతికి 70 నిమిషాలు. ఇది అన్ని సబ్జెక్టులకూ కలిపి! స్టాఫ్ రూంలో అందరినీ అడిగి కాగితం మీద వేశాను. లెక్కలకే 40, సైన్సుకు 25, మిగతావి కలిపి ఇంకో 30. నేను ఇంకా ఏమీ ఇవ్వకముందే 95 అయింది. నా వాటాకు మైనస్ 25 నిమిషాలు వచ్చిందన్నమాట.

ఎవరినీ తగ్గించమని అడిగే పరిస్థితి లేదు, అడిగితే వినేదీ లేదు. అందుకే నా హోంవర్క్ 15 నిమిషాలకు మించకూడదని గీత గీసుకున్నాను. కూర్చుని రాసే పని కన్నా, తిరుగుతూ, వింటూ చేసే పని అయితే పిల్లలకు అంత బరువు అనిపించదు.

2వ వారం

ఒక లాంగ్ నోట్‌బుక్కు. ఎడమ పుట ఇంటిది, కుడి పుట తరగతిది. ఎడమ పుటలో ఏది ఎలా రాసుకున్నా అడగను. కొట్టివేతలు, బొమ్మలు, సగం సగం మాటలు, ఏదైనా సరే. ఇంత వెసులుబాటు ఇస్తే నమ్మలేక "టీచర్, పెన్సిల్‌తో రాయొచ్చా? మార్జిన్ గీయాలా?" అని ఒక పీరియడంతా అడిగారు. మార్జిన్ వద్దన్నందుకు ముగ్గురికి నిజంగానే బాధ కలిగింది.

మొదటి హోంవర్క్: మీ ఇంట్లో పెద్దవాళ్లు వాడే మాటల్లో పాఠ్యపుస్తకంలో కనబడనివి ఐదు పట్టుకురండి.

నేను ఊహించిన దానికన్నా బాగా పండింది. పొరక, అంగీ, మాపటేల, లగెత్తడం, ఇగురం. "ఇగురం అంటే ఏంట్రా?" అని అడిగితే తెచ్చినవాడు కాసేపు ఆలోచించి, "పని తెలివిగా చేయడం టీచర్. అది లేదని నానమ్మ నన్ను రోజూ తిడుతుంది" అన్నాడు. నిఘంటువు కూడా ఇంత బాగా చెప్పదు. చీపురు అనే ఇంటివాళ్లు, పొరక అనే ఇంటివాళ్లు ఏది సరైన తెలుగని కొట్టుకోబోయారు. రెండూ బోర్డు మీద రాసి, రెండూ సరైనవే అన్నాను. సగం మంది నమ్మలేదు.

3వ వారం

తప్పు నాదే. ఈ వారం పాత అలవాటు కొద్దీ "ఇంట్లో ఒక పేరా రాసుకురండి" అనేశాను. మర్నాడు 11 నోట్‌బుక్కుల్లో "మానవ జీవితంలో ప్రకృతి పాత్ర అమోఘమైనది" తరహా వాక్యాలు. పోయినవారం ఇగురం గురించి చెప్పిన పిల్లాడు ఈ వారం "అమోఘం" అంటున్నాడు. వాణ్ణి ఏమనగలను? ఖాళీ పుట ముందు పిల్లాణ్ణి ఒంటరిగా కూర్చోబెడితే దొరికింది పట్టుకొస్తాడు. ఫోన్లోనే అన్నీ దొరుకుతున్నప్పుడు ఇంకా తొందరగా పట్టుకొస్తాడు.

అక్కడే నియమం మార్చాను. ఇంట్లో పోగు చేయాలి, తరగతిలో రాయాలి. నాకున్న 45 నిమిషాల పీరియడ్లలో వారానికి రెండింటిలో 20 నిమిషాల చొప్పున రాతకే వదిలేస్తాను. పాఠం కొంచెం వెనకబడుతుంది. ఆ టెన్షన్ నాకుంది, పిల్లలకు చెప్పలేదు.

తరగతిలో రాసినవి చెత్తగానే ఉన్నాయి. కానీ ఎవరి చెత్త వాళ్లదే. 38 రకాల చెత్త. నాకు చాలా హాయి అనిపించింది.

4వ వారం

కరెక్షన్. అసలు యుద్ధం ఇక్కడే.

ఒక్కో నోట్‌బుక్కుకు నాలుగు నిమిషాలు పడుతోంది. 38 నోట్‌బుక్కులంటే 152 నిమిషాలు, రెండున్నర గంటలు. అదీ ఒక్క తరగతికి. ఇంత చేసి ఎర్ర సిరాతో దిద్ది ఇస్తే పిల్లలు చూసేది చివరి పుటలో సంతకం ఉందో లేదో మాత్రమే.

రిచర్డ్ హాస్వెల్ అనే అమెరికన్ అధ్యాపకుడు తన కాలేజీ విద్యార్థుల వ్యాసాల్లో తప్పుల్ని దిద్దడం మానేసిన సంగతి 1983లో రాశాడు. తప్పున్న వరుస పక్కన మార్జిన్‌లో ఒక గుర్తు పెట్టి వదిలేసేవాడు. సగానికి పైగా తప్పుల్ని వాళ్లే వెతికి దిద్దుకున్నారు. తెలియక చేసినవి తక్కువ, చూసుకోక చేసినవి ఎక్కువ అన్నమాట. వాళ్లు కాలేజీ పిల్లలు, నావాళ్లకు పన్నెండేళ్లు. అయినా ప్రయత్నించాను. వరుస పక్కన ఒక ఎర్ర చుక్క. రెండు తప్పులుంటే రెండు చుక్కలు. అంతే.

మొదటిరోజు తరగతి గోలగోల అయింది. "ఇందులో తప్పేముంది టీచర్?" "వెతుకు." "కనబడట్లేదు." "పక్కవాణ్ణి అడుగు." ఇరవై నిమిషాలకు వాళ్లకే ఆట అర్థమైంది. చుక్కలు వెతకడం దొంగను పట్టుకోవడం లాంటిది కదా. నాకు కరెక్షన్ గంటలోపు ముగిసింది.

కనబడకుండా మిగిలిపోయిన తప్పులు వేరే రకం. అవే అసలు నేర్పాల్సినవి. బాధను "భాధ" అని రాస్తారు. దీర్ఘం "ధీర్ఘం" అవుతుంది. విద్యార్థికి "ర్ధి" పెడతారు. అర్థానికీ అర్ధానికీ తేడా లేదు, ఒకటి మాటకు ఉండేది, ఇంకోటి సగం అని ఎన్నిసార్లు చెప్పినా. ఇక కథ. 38 మందిలో 27 మంది "కధ" అని రాశారు! లెక్కపెట్టాను కాబట్టి చెబుతున్నాను. రాసేది కథల సంకలనం, పేరులోనే తప్పు. "థ పొట్టలో చుక్క ఉంటుంది, ధ పొట్ట ఖాళీ" అని బోర్డు మీద అడుగంత అక్షరాలు గీసి చూపించాను. ఆ రోజుకు అందరూ సరిగ్గా రాశారు.

5వ వారం

రెండు చిన్న సంగతులు.

ఒకటి, సంధులు. పోయిన ఏడాది ఒకే సాయంత్రం ఇరవై సంధులు విడదీయమని ఇచ్చేదాన్ని. ఒక్కసారే మింగిన దానికన్నా రోజుల మధ్య విడదీసి నేర్చుకున్నది బాగా నిలుస్తుందని జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే అర్థంలేని అక్షరాలను తనే బట్టీపట్టి తేల్చాడు. నాకు తెలిసిన ఈ సంగతిని నేనే పాటించలేదు. ఇప్పుడు రోజుకు నాలుగు. అవి కూడా పుస్తకంలోవి కాదు, ఇంట్లో మాటల్లోంచి చెవితో పట్టుకోవాలి. "ఏమంటావు", "నేనెప్పుడు చెప్పాను", "మనమంతా". ఒకమ్మాయి వాళ్ల అమ్మానాన్నల వాదనలోంచి తొమ్మిది సంధులు ఏరుకొచ్చింది. అందులో ఏడు ఉత్వ సంధులు. వాదన దేని గురించో నేను అడగలేదు, తను చెప్పబోయినా ఆపాను.

రెండోది, మార్కులు. చిత్తుప్రతుల మీద మార్కు వేయడం ఆపేశాను. 1988లో రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు చేసిన ప్రయోగంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగయ్యారు. వ్యాఖ్యతో పాటు మార్కు కూడా వేస్తే ఆ మేలు పోయింది, మార్కు చూశాక వ్యాఖ్య ఎవరు చదువుతారు? ఇది చదివి ఉత్సాహంగా మొదలుపెట్టాను కానీ పిల్లలు ఊరుకుంటారా? "పోనీ టీచర్, వేస్తే ఎంత వేసేవాళ్లు?" అని అడిగారు. తల్లిదండ్రుల నుంచి మూడు నోట్లు వచ్చాయి. ఒక తండ్రిగారు "మా వాడి స్థాయి ఏమిటో తెలియజేయగలరు" అని రాశారు. వాడి రెండు చిత్తుప్రతులు, పాతదీ కొత్తదీ, పక్కపక్కన పెట్టి పంపాను. మళ్లీ నోటు రాలేదు. తృప్తిపడ్డారో, విసిగిపోయారో.

6వ వారం

ఈ వారం బాగా సాగలేదు.

జంటలుగా కూర్చుని ఒకరి రాత ఒకరు చదివి అభిప్రాయం చెప్పమన్నాను. పది నిమిషాల్లో ఒకమ్మాయి ఏడ్చింది. "ఇది బాగాలేదు, బోరు" అని పక్కనమ్మాయి తేల్చేసింది. మిగతా జంటల్లో దీనికి ఉల్టా, "సూపర్", "బాగుంది", "సూపర్". రెండూ పనికిరానివే.

మర్నాడు మార్చాను. అభిప్రాయాలు నిషేధం. చదివినవాళ్లు రెండు ప్రశ్నలు అడగాలి, అంతే. రాసినవాళ్లు జవాబు నోటితో చెప్పకూడదు, రాతలో చేర్చాలి. ఏడ్చిన అమ్మాయి మేడ మీద గది గురించి రాసింది. ఈసారి పక్కనమ్మాయి అడిగింది: "ఆ గదికి ఎప్పుడూ తాళం ఎందుకు వేసి ఉంటుంది?" ఆ ఒక్క ప్రశ్నకు జవాబు పుటన్నర అయింది.

ఇంకో లోపం కూడా బయటపడింది. "ఇంట్లో పెద్దవాళ్లను అడగండి" అంటూ వస్తున్నాను కదా, నలుగురైదుగురికి సాయంత్రాలు ఇంట్లో ఎవరూ ఉండరు. వాళ్లు ఎడమ పుటలు ఖాళీగా తెస్తుంటే బద్ధకం అనుకున్నాను. ఒకడిని గట్టిగానే అన్నాను కూడా. తరవాత తెలిసింది. వాణ్ణి పిలిచి నా పొరపాటని చెప్పాను. ఇప్పుడు ఎవరినైనా అడగొచ్చు: బస్సు డ్రైవరు, స్కూలు ఆయా, పదో తరగతి అన్నలు, ఇంటర్వెల్‌లో నేను. మొదట్లోనే ఆలోచించాల్సింది.

7వ వారం

ఆటవెలది, నాలుగు పాదాల తెలుగు పద్యం. ఈ వారం గురించి ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నాకే పండగ.

ఛందస్సు అంటే పిల్లలు గురువులు (పొడవుగా పలికేవి), లఘువులు (పొట్టిగా పలికేవి) గుర్తించి మార్కులు తెచ్చుకుని మరిచిపోయే వ్యవహారం. ఎవరూ రాయరు. ఈసారి హోంవర్క్ ఇలా ఇచ్చాను: ఇంట్లో వస్తువుల పేర్లలో సూర్యగణాలు వెతకండి. సూర్యగణాలు రెండే కదా. మూడు లఘువులైతే న గణం, గురువు లఘువు కలిస్తే హ గణం. తలుపు, గడప, పలక న గణాలు. గోడ, బల్ల, బండి హ గణాలు. దుప్పటి కుదరదు, పుస్తకం కుదరదు. కిటికీ దగ్గర పెద్ద పేచీ వచ్చింది. చివరి దీర్ఘం వల్ల అది పోతుంది. "మా ఇంట్లో కిటికి అనే అంటాం టీచర్" అని ఒకడు చివరిదాకా వాదించాడు. దుప్పటీ పుస్తకమూ ఇంద్రగణాల బుట్టలో పడ్డాయి, అవి సూర్యగణాల కన్నా కొంచెం పెద్దవి.

ఆటవెలది రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. అందుకే అక్కణ్ణుంచి మొదలుపెట్టించాను. వెనక బెంచీ ఐదుగురు పోగు చేసిన మాటల్ని అటూ ఇటూ జరిపి, నవ్వుకుంటూ ఇది తెచ్చారు:

పలక మీద రాత పనికిరాదు

వేళ్ల మీద లెక్కపెట్టాను. పలక, మీద, రాత, పనికి, రాదు. ఐదు సూర్యగణాలు. నాలుగో గణం మొదట ప, పాదం మొదట ప. యతి కూడా పడింది! వాళ్లకు తెలిసి పడలేదు, అయినా పడింది. "ఇంకో పాదం తెండి" అంటే మర్నాడు "మనసు మీద గీత మాసిపోదు" అన్నారు. నేను కుర్చీలోంచి లేచాను.

ఒకటి, మూడు పాదాల దగ్గర బండి ఆగింది. అక్కడ మూడు సూర్యగణాల తరవాత రెండు ఇంద్రగణాలు రావాలి. మూడో పాదం "రబ్బరెంత పెట్టి రుద్దినా చెరుగదు" అని తెచ్చారు. గణాలు సరిపోయాయి. రుద్దినా ర గణం, చెరుగదు నల గణం. యతి దగ్గర చెడింది. రకారం రెండు చోట్లా ఉన్నా, ర లో ఉన్నది అకారం, రు లో ఉన్నది ఉకారం. హల్లు కలిస్తే చాలదు, అచ్చుకూ మైత్రి ఉండాలి.

"మార్చలేం టీచర్, రుద్దడానికి ఇంకో మాట లేదు" అన్నారు. "వెతకండి" అన్నాను. నాకు జవాబు తెలుసు. చెప్పకుండా ఉండడానికి ఆ రోజంతా నాలుక పట్టుకుని కూర్చున్నాను.

రెండు రోజుల తరవాత ఇగురం పిల్లాడు ఎడమ పుట చూపించాడు. నానమ్మను అడిగాడట, రుద్దడాన్ని ఇంకేమంటారని. రాయడం, రాచడం అందిట. "రాచినా" అని పెడితే? రా, చి, నా. గణం అదే ర గణం. ర కు రా తో యతి. ఐదుగురూ ఒక్కసారే అరిచారు, పక్క తరగతి నుంచి ఒక టీచర్ వచ్చి చూసి వెళ్లారు.

చేయి తగిలెనంటె చెరిగిపోవును గదా
పలక మీద రాత పనికిరాదు
రబ్బరెంత పెట్టి రాచినా చెరుగదు
మనసు మీద గీత మాసిపోదు

మొదటి పాదంలో "చెరిగిపోవును గదా" నేను కొంచెం సాయం చేసినది, దాచను. "తగిలెనంటె"లో చివరి దీర్ఘం మింగేశారు. పద్యంలో ఆ మాత్రం వదిలేయొచ్చు అన్నాను. కిటికీ పిల్లాడు నా వైపు అదోలా చూశాడు.

8వ వారం

ఎంపిక. ఇప్పటిదాకా రాసినవాటిలోంచి ఒక్కొక్కరు మూడు ముక్కలు ఎంచుకుని తిరగరాయాలి. ముందుమాటగా, ఏం మార్చారో ఎందుకు మార్చారో అరపుట.

తిరగరాయడం అంటే ఫెయిర్ చేయడం అనుకున్నారు. మొదటి విడత అంతా అదే వాక్యాలు, కొంచెం అందమైన చేతిరాతలో. అందుకని బోర్డు మీద ఒకరి వాక్యం పెట్టాను, వాడి అనుమతితోనే. "మా తాతయ్య చాలా మంచివారు. సమయపాలన పాటిస్తారు." తరగతి ప్రశ్నలు వేసింది. ఎలా పాటిస్తారు? ఎప్పుడు చూశావు? నువ్వేం చేశావు? వాడు తిరగరాసింది ఇది: "మా తాతయ్య గడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు తిప్పి పెడతారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా దాన్ని చూసి రోజూ కంగారు పడతారు."

తరవాత బోర్డు మీద ఇంకేం చెప్పాల్సిన పని పడలేదు.

9వ వారం

పరీక్షల రివిజన్ పేరుతో నా పీరియడ్లు మూడు పోయాయి. మార్కుల పట్టిక మాత్రం తయారుచేసి గోడకు అంటించాను: విషయం 5, వరుస 5, మాట 5, తిరగరాత 5. మొత్తం 20. అట్ట అందానికి సున్నా. ఈ చివరి సంగతి పెద్దక్షరాల్లో రాశాను.

10వ వారం

38 మందిలో 34 మందివి అందాయి. ఇద్దరికి జ్వరం. ఒకమ్మాయి చివరి కథ ఇంకా తిరగరాస్తూనే ఉంది, ఇది ఐదోసారి. ఇక చాలు ఇచ్చేయమంటే ఇవ్వనంది. ఇంకొకడు నోట్‌బుక్కు బస్సులో పోగొట్టుకున్నాడు. గుర్తున్నంత వరకు కూర్చోబెట్టి రాయించాను. పాతదాన్లో లేనివి కూడా వచ్చాయి.

కాపీలు లేవని చెప్పలేను. రెండింటిలో అనుమానం ఉంది. కానీ ఎడమ పుటలు పక్కనే ఉన్నాయి కాబట్టి ఏ వాక్యం ఎక్కణ్ణుంచి మొలిచిందో కనబడుతోంది. పిలిచి అడిగితే ఒకడు ఒప్పుకుని ఆ ముక్క తీసేశాడు, రెండోవాడిది నిజంగా వాడిదే. వాడి ముందు సిగ్గుపడ్డాను. మార్కులు వేయడానికి మొత్తం మూడు సాయంత్రాలు పట్టింది. పోయిన ఏడాదికన్నా ఎక్కువే. పని తగ్గుతుందని మొదలుపెట్టలేదు కానీ, మనసులో ఎక్కడో ఆ ఆశ ఉండేది.

వచ్చే ఏడాదికి రాసిపెట్టుకున్నవి: జంటల ప్రశ్నలు రెండో వారం నుంచే పెట్టాలి, ఎడమ పుటకు ఎవరిని అడగాలో జాబితా మొదటిరోజే ఇవ్వాలి, లెక్కల టీచరుతో కూర్చుని ఆ 40 నిమిషాల సంగతి మాట్లాడాలి.

చివరి రోజు అన్నీ కలిపి ఒక లిఖిత పత్రికగా కుట్టాం. అట్ట మీద పేరు రాసే బాధ్యత వెనక బెంచీ వాళ్లు తీసుకున్నారు, పద్యం వాళ్లదే కదా. నల్ల ఇంకుతో, నీడలు వేసి, ఒక పీరియడంతా కష్టపడి రాశారు. ఐదుగురూ కలిసి తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

మా కధలు

నేను ఏమీ అనలేదు. ఎర్ర పెన్ను తీసి అట్ట అంచున ఒక చుక్క పెట్టాను. ఐదుగురూ వంగి చూశారు. ఇగురం పిల్లాడు నల్ల పెన్ను అందుకుని ధ పొట్టలో ఇంకో చుక్క పెట్టాడు.